ఒక్క సీసాతో బర్బన్ రుచి పట్టుకోవడం ఎలా?

అమెరికా నుంచి ఎవరైనా వస్తున్నారంటే మనవాళ్ళు తెమ్మని చెప్పే సీసాల్లో స్కాచ్ పక్కన ఇప్పుడు బర్బన్ అనే అమెరికా మొక్కజొన్న విస్కీ కూడా చేరింది. వచ్చాక దాని గతి చాలా ఇళ్ళల్లో ఒకటే. శనివారం రాత్రి నలుగురు కూర్చుంటారు. గ్లాసు నిండా ఐసు, పైన కోకా కోలానో సోడానో, పక్కన చికెన్ 65. రెండు గంటల్లో సీసా ఖాళీ. "బాగానే ఉంది, కాకపోతే కాస్త తీపిగా, ఘాటుగా ఉంది" అని ఒక మాట అనుకుని లేస్తారు. సరదా వరకు అది చాలు. ఏళ్ళ తరబడి పీపాలో నానిన సరుకులో ఏముందో తెలియాలంటే మాత్రం చాలదు.

అలాగని పది సీసాలు కొనక్కర్లేదు. ఒక మంచి సీసా ఎంచుకుని, తొందరపడకుండా, కొంచెం కొంచెంగా, రకరకాలుగా రుచి చూస్తే సగం పని అయిపోతుంది. దాన్ని మరో రెండు మూడు రకాలతో పోల్చి చూడటం మిగతా సగం. ఈ రెండూ ఎలా చేయాలో చెబుతాను.

ఇది ఎలాగూ తాగే అలవాటున్న, 21 ఏళ్ళు నిండినవాళ్ళ కోసం. అమెరికాలోనూ, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం చెప్పే వయసు అదే. అలవాటు లేనివాళ్ళు దీనికోసం కొత్తగా మొదలుపెట్టొద్దు.

ముందు సీసా ఎంచుకోండి

నేను చెప్పేది వైల్డ్ టర్కీ 101. అమెరికాలో చిన్న ఊళ్ళో లిక్కర్ షాపులో కూడా దొరుకుతుంది. ధర 25 డాలర్లకు కాస్త అటూ ఇటూ. దీనికన్నా ఖరీదైనవి, పేరున్నవి బోలెడున్నాయి. కానీ నేర్చుకోవడానికి కావలసిన గుణాలు దీనిలో ఉన్నాయి: బర్బన్‌లో ఉండాల్సిన రుచులన్నీ దాపరికం లేకుండా కనిపిస్తాయి, నీళ్ళు పోసినా ఐసు వేసినా చచ్చిపోదు.

కెంటకీ రాష్ట్రంలో లారెన్స్‌బర్గ్ అనే ఊరి దగ్గర, కెంటకీ నది పైన గుట్ట మీద ఉంది వీళ్ళ డిస్టిలరీ. పేరు వెనక కంపెనీ చెప్పే కథ ఒకటుంది. ఆస్టిన్ నికోల్స్ అనే సంస్థలో థామస్ మెకార్తీ అనే అధికారి 1940లో అడవి టర్కీ కోళ్ళ వేటకు వెళ్తూ పీపాల్లోంచి కొంత విస్కీ శాంపిల్‌గా పట్టుకెళ్ళాడట. మరుసటి ఏడాది వేటకు స్నేహితులు "ఆ వైల్డ్ టర్కీ విస్కీ తెచ్చావా?" అని అడిగారట. అదే పేరు ఖాయమైంది.

వేట కథ కన్నా నాకు నచ్చేది జిమ్మీ రస్సెల్ సంగతి. ఆయన 1954లో ఆ డిస్టిలరీలో పనికి చేరారు. 2024తో ఆయనకు అక్కడ 70 ఏళ్ళు నిండాయి. మధ్యలో అమెరికాలో వోడ్కా మోజు పెరిగి, బర్బన్ అంటే తాతల సరుకని జనం పక్కన పెట్టిన కాలం వచ్చింది. అప్పుడు కూడా తయారీ పద్ధతి మార్చడానికి ఒప్పుకోని మనిషని ఆయనకు పేరు. కొడుకు ఎడ్డీ 1981లో చేరారు, మనవడు బ్రూస్ కూడా అదే పనిలో ఉన్నారు. 2009లో ఇటలీకి చెందిన కాంపారి గ్రూపు దీన్ని కొన్నది.

వైల్డ్ టర్కీ దొరకలేదా? జిమ్ బీమ్, బఫెలో ట్రేస్, మేకర్స్ మార్క్, ఏది చేతికందితే దానితోనే మొదలుపెట్టండి. పద్ధతి మారదు, అంకెలు మాత్రం లేబుల్ చూసి సరిచేసుకోండి.

మూత తీసే ముందు లేబుల్ చదవండి

సీసా మీద "కెంటకీ స్ట్రెయిట్ బర్బన్ విస్కీ" అని ఉంటుంది. ఈ మాటలు అలంకారానికి రాసినవి కావు, వీటి వెనక అమెరికా చట్టం ఉంది. బర్బన్ అనాలంటే అమెరికాలోనే తయారవ్వాలి. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీలోంచి దిగేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం దాటకూడదు, పీపాలోకి పోసేటప్పుడు 62.5 దాటకూడదు, సీసాలో 40కి తగ్గకూడదు. పీపా కొత్త ఓక్ చెక్కతో చేసి, లోపలంతా కాల్చినదై ఉండాలి. నీళ్ళు తప్ప రంగు గానీ రుచి గానీ ఏదీ కలపకూడదు. "స్ట్రెయిట్" అని ఉంటే పీపాలో కనీసం రెండేళ్ళు ఉందని అర్థం. నాలుగేళ్ళ లోపుదైతే వయసు లేబుల్ మీద రాసి తీరాలి. బర్బన్ అమెరికాకే ప్రత్యేకమైన సరుకని 1964లో ఆ దేశ కాంగ్రెస్ తీర్మానం కూడా చేసింది.

మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే చాలా బ్రాండ్లు చెరకు మొలాసిస్‌తో తీసిన స్పిరిట్‌లో కాస్త మాల్ట్ కలిపి, క్యారమెల్ రంగు వేసినవి. బర్బన్‌లో అలాంటి అవకాశం లేదు. మీ గ్లాసులో కనిపించే ఆ రాగి రంగు చుక్కతో సహా పీపా ఇచ్చిందే.

ఇక ప్రూఫ్, అంటే ఆల్కహాల్ బలాన్ని చెప్పే కొలత. మన సీసాల మీద "75 డిగ్రీల ప్రూఫ్, 42.8 శాతం" అని చూసే ఉంటారు. అది పాత బ్రిటిష్ లెక్క. అమెరికా లెక్క సులువు, ప్రూఫ్‌ని సగం చేస్తే శాతం వస్తుంది. 101 ప్రూఫ్ అంటే 50.5 శాతం. మన మామూలు విస్కీ కన్నా దాదాపు ఐదో వంతు ఎక్కువ. 60 మి.లీ. లార్జ్‌లో మన విస్కీ అయితే సుమారు 26 మి.లీ. ఆల్కహాల్ వెళ్తుంది, ఇదైతే 30. "నాకు రెండు లార్జ్‌లు మామూలే" అనుకునేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

"స్మాల్ బ్యాచ్" అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదు, దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. "బాటిల్డ్ ఇన్ బాండ్" అని కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. కల్తీ విస్కీ బెడద పడలేక 1897లో తెచ్చిన చట్టం అది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, కనీసం నాలుగేళ్ళు ప్రభుత్వ నిఘాలో ఉన్న గోదాములో ఉంచి, సరిగ్గా 50 శాతం దగ్గర సీసాకెత్తాలి. ఈ మాట ఉన్న చవక సీసాలు కూడా సాధారణంగా నిరాశపరచవు.

పీపా సంగతి తెలిస్తే రుచి సగం తెలిసినట్టే

ఇది చదివే భాగం, గ్లాసు ఇంకా అక్కర్లేదు.

వైల్డ్ టర్కీ వాళ్ళ ధాన్యం పాళ్ళు ఇవి: మొక్కజొన్న 75, రై 13, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ 12. మొక్కజొన్న తీపినిస్తుంది. గోధుమకు చుట్టమైన రై గింజ మిరియాల్లాంటి ఘాటునిస్తుంది. మొలకెత్తిన బార్లీలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, ఆ చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్ చేస్తుంది. కెంటకీ నేల కింద సున్నపురాయి ఉండటంతో అక్కడి నీళ్ళలో ఇనుము ఉండదు, ఉంటే విస్కీ నల్లబడేది. ముందు వాయి బట్టీ పట్టగా మిగిలిన పుల్లటి కట్టును కొంత తర్వాతి వాయిలో కలుపుతారు. ఆ పులుపుకి చెడ్డ బ్యాక్టీరియా దరిచేరదు, వాయికీ వాయికీ రుచి మారదు. దీన్నే సోర్ మాష్ అంటారు. కెంటకీలో దాదాపు అందరూ చేసేది ఇదే.

బట్టీలోంచి వచ్చేది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. అసలు పని పీపాలో మొదలవుతుంది. సుమారు 200 లీటర్లు పట్టే ఓక్ పీపా లోపల మంట పెట్టి దాదాపు 55 సెకన్లు మండనిస్తారు. వైల్డ్ టర్కీ వాడే ఈ నంబర్ 4 కాల్పులో చెక్క పైపొర బొగ్గై, మొసలి వీపులా పెళ్ళలు పెళ్ళలుగా పగులుతుంది. అందుకే దానికి అలిగేటర్ చార్ అని పేరు. ఆ బొగ్గు పొర వెనక, వేడికి చెక్కలోని చక్కెరలు పాకంలా మారిన ఎర్రటి పొర ఒకటి ఏర్పడుతుంది. బర్బన్ రుచికి ఇదే గని.

ఆ పీపాల్ని ఎత్తయిన చెక్క గోదాముల్లో పేరుస్తారు. వేసవిలో వేడెక్కి విస్కీ పగుళ్ళలోంచి ఆ ఎర్ర పొరలోకి చొరబడుతుంది. చలికాలం ముడుచుకుని, అక్కడి రుచులు పట్టుకుని బయటికి వస్తుంది. ఏడాదికేడాది ఇదే తంతు. పై అంతస్తులో వేడెక్కువ, అక్కడి పీపా త్వరగా ముదురుతుంది. కింది అంతస్తులో నిదానం. అందుకే రకరకాల అంతస్తుల పీపాలు కలిపి ఒక రుచికి తెస్తారు. 101లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వయసున్న పీపాలు వాడతామని కంపెనీ చెబుతుంది. ఇంకో విశేషం, చట్టం 62.5 శాతం దాకా అనుమతించినా వీళ్ళు 57.5 దగ్గరే పీపాలో పోస్తారు. సీసాకెత్తేటప్పుడు కలిపే నీళ్ళు తక్కువ, కాబట్టి పీపా రుచి పలచబడదు.

కొత్త పీపానే వాడాలన్న చట్టం వల్ల ఒకసారి వాడిన పీపా బర్బన్‌కు మళ్ళీ పనికిరాదు. అవి ఓడలెక్కి ఎక్కువగా స్కాట్లాండ్ వెళ్తాయి. బెంగళూరులో అమృత్ వాళ్ళు కూడా బర్బన్ పీపాలు వాడతారు. మీరు మంచి స్కాచ్ గానీ, మన దేశపు సింగిల్ మాల్ట్ గానీ తాగి "వెనిల్లా వాసన వస్తోంది" అనుకున్నారంటే, మీకు తెలియకుండానే బర్బన్ జాడ తగిలిందన్నమాట.

మొదటి 30 మి.లీ.

భోజనానికి ముందు కూర్చోండి. వంటింట్లో పోపు వాసన, హాల్లో అగరుబత్తి, ఒంటి మీద సెంటు, ఇవేవీ లేని సమయం చూసుకోండి. కారం తిన్న నోటితో అసలు వద్దు.

గ్లాసు కింద వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ అనే చిన్న గ్లాసు దీనికోసమే చేసింది. లేకపోతే వైన్ గ్లాసు వాడుకోండి. స్టీలు గ్లాసూ, ప్లాస్టిక్ కప్పూ వద్దు. కంటి అంచనాతో పోయకుండా కొలిచి 30 మి.లీ. పోయండి. పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు, ఒక టీ స్పూను పెట్టుకోండి. ఐసు ఇప్పుడే తీయకండి.

పోశాక ఒక పది నిమిషాలు దాన్ని వదిలేయండి. మొదట ఎగిసే స్పిరిట్ ఘాటు తగ్గుతుంది. తర్వాత గ్లాసుని గడ్డం దగ్గర్నుంచి మెల్లగా ముక్కు వైపు తీసుకురండి. నోరు కొద్దిగా తెరిచి ఉంచండి, లేకపోతే ఆల్కహాల్ ఆవిరి ముక్కులో గుచ్చి కళ్ళలో నీళ్ళొస్తాయి. వైన్‌ని తిప్పినట్టు గ్లాసుని గిరగిరా తిప్పకండి, ఘాటే పైకి లేస్తుంది. ఒక ముక్కుపుటంతో ఒకసారి, రెండోదానితో ఒకసారి చూడండి. చాలామందికి ఒక పక్క బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. ఇది నోటిని అలవాటు చేయడానికే, దీని మీద అభిప్రాయం పెట్టుకోకండి. 50 శాతం ఆల్కహాల్‌కి నాలుక ముందు తిరగబడుతుంది. ఒక నిమిషం ఆగి రెండో గుక్క, అర టీ స్పూనంత తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పుతూ నమలండి. అవును, నమలడమే. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ఇలాగే చేసేవారు, దీనికి కెంటకీ చ్యూ అనే పేరు స్థిరపడింది. తీపి, కారం, చెక్క వగరు, ఒక్కోటీ వేరుపడతాయి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. గొంతులోంచి ఛాతీ దాకా వెచ్చగా దిగే ఆ సెగను అక్కడివాళ్ళు కెంటకీ హగ్ అంటారు. గొంతు మండితే గుక్క పెద్దదైందని గుర్తు, ఈసారి తగ్గించండి.

పోపుల డబ్బా తెచ్చుకోండి

పుస్తకాల్లో, వీడియోల్లో "టోఫీ, లెదర్, మేపుల్ సిరప్" అంటూ చదివేస్తుంటారు. మేపుల్ సిరప్ ఎప్పుడూ తిననివాడికి అది గ్లాసులో ఎలా దొరుకుతుంది? మనకు తెలిసిన వాసనలతో వెతుక్కోవాలి. నేను ఎవరికైనా బర్బన్ పరిచయం చేయాల్సి వస్తే చేయించే పని ఇదొక్కటే, దీనికి మించినది లేదు.

చిన్న చిన్న గిన్నెల్లో ఇవి పెట్టుకోండి: రెండు లవంగాలు, దాల్చిన చెక్క ముక్క, దంచిన మిరియాలు నాలుగు, లేత పాకం పట్టిన బెల్లం ఒక చెంచా, ఎండు కొబ్బరి ముక్క, అప్పుడే గిల్లిన కమలా తొక్క, వేయించిన వేరుశనగపప్పు, దొరికితే వెనిల్లా ఎసెన్స్ చుక్క వేసిన దూది. ఒక్కో గిన్నె వాసన చూసి, వెంటనే గ్లాసు దగ్గరికి రండి. లవంగం చూసి గ్లాసు చూడండి. బెల్లం చూసి గ్లాసు చూడండి. ముందు కనిపించనిది ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇదంతా ఊహ కాదు. లవంగం వాసనకు కారణమైన యూజెనాల్ అనే పదార్థం కాల్చిన ఓక్‌లోనూ ఉంటుంది. చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలిన్ ఇస్తుంది, వెనిల్లా కాయలో ఉండేది కూడా వెనిలినే. కొబ్బరి వాసన ఓక్‌లోని లాక్టోన్ల నుంచి వస్తుంది, బెల్లం పాకం ఆ ఎర్ర పొర చలవ. మిరియాల కారంలో రై వాటా ఉంది. 101లో నాకు ముందు తగిలేవి బెల్లం పాకం, లవంగం, కమలా తొక్క. చివర్లో మిగిలేది మిరియం, కాస్త వగరు. మీకు ఇంకేదైనా తగిలితే అదే రాసుకోండి. తాటి బెల్లం అనిపిస్తే తాటి బెల్లమనే రాయండి, పక్కవాడు "టోఫీ" అన్నాడని కొట్టేయకండి.

నీళ్ళు చెంచాతో పోయండి

గ్లాసులో మిగిలిన సగంతో కూడా ఈ పని చేయొచ్చు, కానీ రెండో రోజు మళ్ళీ కొత్తగా 30 మి.లీ. పోసుకుని చేస్తే ఇంకా మంచిది. ఆ 30 మి.లీ.కి ఒక టీ స్పూను, అంటే 5 మి.లీ. నీళ్ళు కలపండి. 50.5 శాతం కాస్తా 43కి దిగుతుంది, మన మామూలు విస్కీ స్థాయి అన్నమాట. రెండు నిమిషాలాగి వాసన చూడండి. ఘాటు వెనక్కి తగ్గి, పండ్ల వాసన, తీపి ముందుకొస్తాయి. ఇంకో చెంచా పోస్తే 38 దగ్గరికి వస్తుంది. ఇక్కడ చాలామందికి రుచి పలచబడినట్టు తెలుస్తుంది. మీకు ఎక్కడ బాగుందో ఆ చెంచాల లెక్కే మీ లెక్క. "రా కొడితేనే మగాడు" అనే మాటలు పట్టించుకోకండి. ఈ సరుకు తయారు చేసేవాళ్ళే నీళ్ళు కలిపి రుచి చూస్తారు, అంతెందుకు, సీసాకెత్తే ముందు వాళ్ళు కలిపేదీ నీళ్ళే.

మూడో రోజు ఐసు. చిన్న ముక్కలు త్వరగా కరిగి నీళ్ళపాలు చేస్తాయి. చిన్న స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెడితే పెద్ద గడ్డ తయారవుతుంది, అది ఒక్కటి వేయండి. చల్లబడ్డ కొద్దీ వాసనలు ముడుచుకుంటాయి, తీపి కూడా తక్కువ తెలుస్తుంది, చెక్క వగరు పైకి వస్తుంది. మే నెలలో విజయవాడలో కూర్చుని ఐసు వద్దనడం మాత్రం మూర్ఖత్వం.

కలుపుకునేవాళ్ళకి

ఓల్డ్ ఫ్యాషన్డ్ ఒక్కటి నేర్చుకుంటే చాలు. గ్లాసులో టీ స్పూను చక్కెర పాకం, ఆంగస్తూరా బిట్టర్స్ (చేదు మూలికల సారం) రెండు చిలకరింపులు, 45 మి.లీ. బర్బన్, పెద్ద ఐసు గడ్డ. అర నిమిషం చెంచాతో మెల్లగా తిప్పండి. కమలా తొక్క చిన్న ముక్క కోసి, గ్లాసు మీద వంచి పిండితే నూనె తుంపర పైన పడుతుంది. ఆ తొక్కని అందులోనే వేసేయండి. చక్కెర బదులు బెల్లం పాకం వాడి చూడండి, బర్బన్‌కి బెల్లం కలిసినంత బాగా చక్కెర కలవదని నా అభిప్రాయం. పాకం వడకట్టడం మరవొద్దు.

సోడా కావాలంటే 30 మి.లీ.కి 100 మి.లీ. దాకా బాగా చల్లటి సోడా పోయండి. 101 దీనికి తట్టుకుంటుంది. పుదీనా, చక్కెర, దంచిన ఐసుతో చేసే మింట్ జులెప్ కెంటకీ డెర్బీ నాటి పానీయం. 1875 నుంచి లూయీవిల్‌లో జరిగే గుర్రప్పందెం అది, ఇప్పుడు మే నెల మొదటి శనివారం జరుగుతుంది. జులెప్ మన ఎండలకు సరిపోతుంది కూడా. కోక్‌లో కలిపితే బర్బన్‌లోని తీపి, కోక్ తీపి ఒకదాన్నొకటి మింగేస్తాయి. కోకే కావాలంటే దానికి ఇంత మంచి సీసా ఖర్చు చేయనక్కర్లేదు.

నంజుకోవడానికి

గుంటూరు కారం పట్టించిన కోడి వేపుడు పక్కన 50 శాతం విస్కీ పెడితే మంట మీద మంట, ఇంకేమీ తెలియదు. రుచి చూసే రోజున వేయించిన వేరుశనగపప్పు, జీడిపప్పు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు లాంటివి చాలు. పొత్తుకు కారం రాయకుండా కాస్త ఉప్పు, వెన్న పెట్టండి, గ్లాసులో ఉన్న ధాన్యం ఏమిటో నోటికి తెలుస్తుంది. భోజనం తర్వాత తాగేటట్టయితే బెల్లం పూతరేకులు పెట్టి చూడండి. నెయ్యి, బెల్లం పక్కన 101లోని లవంగం, కమలా తొక్క భలే లేస్తాయి. ఆత్రేయపురం వాళ్ళు ఏమంటారో గానీ, నాకైతే ఇంతకన్నా మంచి జోడీ దొరకలేదు.

ఇప్పుడు పక్కన పెట్టి పోల్చండి

ఒక సీసా చేతికి అలవాటయ్యాక ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి తలా ఒకటి తెస్తే ఖర్చు పంచుకున్నట్టుంటుంది. గ్లాసుకి 15 మి.లీ. మించి పోయకండి. నాలుగు గ్లాసులూ కలిపి ఒక లార్జ్ అవుతాయి, అక్కడితో ఆ పూటకు ఆపండి.

మొదటిది మీ 101. రెండోది మేకర్స్ మార్క్. ఇది 45 శాతం, లొరెటో అనే ఊళ్ళో తయారవుతుంది, ఎర్ర లక్కలో ముంచిన మూతతో దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఇందులో రై బదులు గోధుమ వాడతారు. అందుకే కారం ఉండదు, మెత్తగా, తీపిగా జారిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రై ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడోది ఏదైనా అమెరికా రై విస్కీ. అందులో కనీసం 51 శాతం రై ఉండాలి, ఘాటు పైన ఘాటు.

నాలుగోది జాక్ డేనియల్స్. బర్బన్‌కు ఉన్న నియమాలన్నీ దాదాపు దీనికీ సరిపోతాయి, లేబుల్ మీద మాత్రం టెనెసీ విస్కీ అనే ఉంటుంది. పీపాలో పోసే ముందు షుగర్ మేపుల్ చెక్క బొగ్గుల గుండా, దాదాపు పది అడుగుల లోతు, చుక్కచుక్కగా వడపోస్తారు. దానివల్ల కరుకుదనం పోతుంది, అరటిపండు వాసన కొందరికి బాగా తెలుస్తుంది. జాక్ డేనియల్‌కి విస్కీ తీయడం నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి మనిషి, అప్పట్లో బానిస. బానిసత్వం రద్దయ్యాక డేనియల్ డిస్టిలరీలో మొదటి మాస్టర్ డిస్టిలర్ ఆయనే. చాలాకాలం ఆయన పేరు కంపెనీ కథల్లో మూలన పడి ఉంది, ఈ మధ్యనే బయటికొచ్చింది. అన్నట్టు ఈ విస్కీ తయారయ్యే లించ్‌బర్గ్ ఉన్న మూర్ కౌంటీ పొడి కౌంటీ, అంటే మద్యం అమ్మకం మీద నిషేధం ఉన్న చోటు.

గ్లాసుల కింద పేర్లు రాసిన కాగితాలు అంటించి, ఎవరితోనైనా అటూ ఇటూ మార్పించి, ఏది ఏదో చెప్పడానికి ప్రయత్నించండి. బ్రాండ్ల మీద గొప్పలు చెప్పేవాళ్ళ టెన్షన్ చూడటం ఆ సాయంత్రానికి అదనపు వినోదం.

ఆ పూట ఎవరూ బండి తీయొద్దు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా. దాకా పరిమితి ఉంటే, మన దేశంలో 30 మాత్రమే. అక్కడ అలవాటైన లెక్క ఇక్కడ డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో పనికిరాదు.

తేవడం, దాచడం

విదేశం నుంచి వచ్చేవాళ్ళు మనిషికి రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అమెరికా విమానాల్లో చెకిన్ బ్యాగులో 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి, సీలు తీయనివి, ఐదు లీటర్ల దాకా ఒప్పుకుంటారు. సీసాని లుంగీలోనో తువ్వాల్లోనో చుట్టి సూట్‌కేసు నడిమధ్యన పెట్టాలి, అంచున పెడితే విసిరినప్పుడు దెబ్బ నేరుగా తగులుతుంది. ఇక్కడే కొనేవాళ్ళ విషయానికొస్తే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. దానిపైన రాష్ట్రాల పన్నులు మామూలే.

సీసాని నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఘాటైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలని చెక్క బీరువా చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. సీసాలో మూడో వంతు కన్నా తక్కువ మిగిలితే లోపల గాలి ఎక్కువై నెలల్లో రుచి చప్పబడుతుంది. చిన్న గాజు సీసాలోకి మార్చండి, లేదా స్నేహితుల్ని పిలవండి.

తర్వాతి సీసా

పోల్చి చూసిన రోజున మీకు మేకర్స్ మార్క్ నచ్చితే గోధుమ బర్బన్ల వైపు వెళ్ళండి. ప్యాపీ వాన్ వింకిల్ కూడా గోధుమదే, కానీ దాని ధర, దాని వెంట పడే జనం చూశాక దూరం నుంచే దండం పెట్టొచ్చు. కారం నచ్చితే రై విస్కీ. 101లోని ఆ నిండుతనమే నచ్చి, చెంచా నీళ్ళు పోసుకోవడం అలవాటైతే, అదే కంపెనీది రేర్ బ్రీడ్ చూడండి. పీపాలోంచి వచ్చిన ఘాటుతోనే, 58.4 శాతం దగ్గర సీసాకెత్తుతారు. దానికి 30 మి.లీ.లో రెండు చెంచాల నీళ్ళతో మొదలుపెట్టండి.